ఒకటే నంబరు, రెండు రేడియోలు: పాత సెట్టు ఏ తరందో తేల్చి రాసిపెట్టుకోవడం ఎలా

వనపర్తిలో ఒక పాత ఇంటి అటక మీద నుంచి ఒకటి, మిర్యాలగూడలో పాత సామాన్ల దుకాణం నుంచి ఒకటి. ఏడాది తేడాతో రెండు వాల్వు రేడియోలు, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు కాలపు గాజు బుడ్లతో నడిచేవి, నా చేతికొచ్చాయి. ముందు పేరు ఒకటే, వెనక అట్ట మీద మోడల్ నంబరు ఒకటే. ఒకదాని సామాను ఇంకోదానికి పనికొస్తుందని సంబరపడ్డా. అట్టలు విప్పితే కథ వేరు. మిర్యాలగూడ దాంట్లో ఏసీని డీసీగా మార్చే ఈజెడ్ 80 రెక్టిఫయర్ వాల్వు ఉంది. వనపర్తి దాంట్లో ఆ సాకెట్టు ఖాళీ, కింద అదే పని చేసే రెండు బీవై 127 డయోడ్లు. డయల్ అద్దాలూ వేరే. మిర్యాలగూడ దాని మీద ‘కేసీ/ఎస్’ (కిలోసైకిల్స్) అని, వనపర్తి దాని మీద ‘కిలోహెర్ట్జ్’ అని ఉంది.

ఈ రెండు తేడాల్లో ఒకటి కంపెనీ చేసిన మార్పు, ఇంకోటి మెకానిక్ చేసింది. ఏది ఏదో తేల్చడానికి నాకు రెండు వారాలు పట్టింది. మీకు ఒక మధ్యాహ్నంలో తేలాలని ఇదంతా రాస్తున్నా.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక మోడలును ఫ్యాక్టరీ ఏళ్లతరబడి తయారుచేస్తుంది, పేరు మార్చకుండానే లోపల భాగాలు మారుస్తూ పోతుంది. అది ఒక తరం మార్పు. ఆ తర్వాత సెట్టు మన దిక్కుకు వచ్చి నలభై ఏండ్లు బతుకుతుంది. వ్యవసాయ మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోతే ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టిస్తారు. వాల్వు దొరక్కపోతే డయోడ్ వేస్తారు. సెల్లుల ఖర్చు భరించలేక, వాటికి బదులు కరెంటుతో నడిపే ఎలిమినేటర్ తగిలిస్తారు. ఇది మెకానిక్ తరం. రెండూ రాసుకోవాల్సినవే. కానీ ఒకదాన్ని ఇంకోటి అనుకుని రాస్తే మీ కాగితాన్ని నమ్మి వెతికే తర్వాతివాడు మునిగిపోతాడు.

ప్లగ్గు జోలికి పోవద్దు

దొరకగానే అందరూ చేసే పని కరెంటు పెట్టి చూడటం. వద్దు. ముప్పై ఏండ్లు పడుకున్న కండెన్సర్లు ఒక్కసారిగా రెండు వందల యాభై వోల్టులు తట్టుకోలేవు. అవి పేలితే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, దాంతోపాటు మీరు చదవాల్సిన లేబుళ్లూ మాడిపోతాయి. ఎప్పుడో ఒకప్పుడు పెట్టక తప్పదనుకుంటే 60 వాట్ల మామూలు బల్బును సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే సెట్టుకు వెళ్లేలా పెట్టి చూడండి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే, వెంటనే తీసేయండి.

ఇంకో సంగతి ప్రాణానికి సంబంధించింది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఏసీ, డీసీ రెండిటి మీదా నడిచే సెట్లు ఒకప్పుడు బాగా అమ్మారు, ఎందుకంటే కలకత్తా వంటి పెద్ద నగరాల్లో కొన్ని పేటలకు డీసీ కరెంటే ఉండేది. అలాంటి సెట్టులో లోపలి ఇనుప చాసిస్ నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే చాసిస్ మొత్తం కొడుతుంది. నాబ్ ఊడిపోయి ఇనుప కడ్డీ బయటికి కనిపిస్తున్నా అంతే. దీన్ని గుర్తుపట్టే తీరు కింద వాల్వుల దగ్గర చెబుతా.

వెనక అట్ట తీసేటప్పుడు చేతులు లోపల పెట్టకముందు టార్చి వేసి చూడండి. అచ్చంపేట దిక్కు తెచ్చిన సెట్టులో నాకు తేలు కనిపించింది. తమాషాకు చెప్పడం లేదు.

తుడవకముందు ఫొటోలు

దుమ్ము కూడా సాక్ష్యమే. ఏ మర కొత్తగా విప్పారో, ఏ వాల్వు ఈమధ్య మార్చారో దుమ్మే చెబుతుంది. అందుకని తుడవడానికి ముందే తీయండి. ముందు, వెనక, రెండు పక్కలు, అడుగు, డయల్ దగ్గరగా, అట్ట విప్పాక లోపలంతా ఒకటి, చాసిస్ బయటికి తీస్తే దాని పైభాగం, కిందిభాగం. ప్రతి ఫొటోలో ఒక స్కేలు, సెట్టుకు మీరిచ్చిన నంబరు రాసిన చీటీ కనబడాలి. డయల్ అద్దానికి ఫ్లాష్ వేయొద్దు, అద్దంలో ఫ్లాషే పడుతుంది. పొద్దున పూట వరండాలో నీడలో పెట్టి తీస్తే అక్షరాలు బాగా వస్తాయి.

ఆ ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. చిన్న అక్షరాలు చదవాల్సినవి డాక్యుమెంటుగా పంపండి.

బయటి అక్షరాలు ఏం చెబుతాయి

మోడల్ నంబరును ఉన్నదున్నట్టు రాసుకోండి. చివరి అక్షరం, మధ్య గీత, ఖాళీ, చుక్క ఏదీ వదలొద్దు. సంగతంతా తోకలోనే ఉంటుంది. ఉదాహరణకు ఫిలిప్స్ పాత వాల్వు సెట్ల నంబరు చివర ‘ఏ’ ఉంటే ఏసీ కరెంటు సెట్టు, ‘యూ’ ఉంటే ఏసీ, డీసీ రెండూ, ‘బీ’ ఉంటే బ్యాటరీ సెట్టు. ముందు నుంచి చూస్తే మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపల పోలికే ఉండదు. మర్ఫీ, బుష్, హెచ్‌ఎంవీ, టెలిరాడ్, నెల్కో వంటి పేర్లున్న వాటికి ఎవరి లెక్క వారిది. ఒకరి తోకను ఇంకొకరి పద్ధతిలో చదవకండి.

వెనక అట్ట ఆ సెట్టుదేనా అని తప్పకుండా చూడండి. ఏరియల్, ఎర్త్, పికప్ సాకెట్లు అట్టకు కోసిన కంతలకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయా? మరల కంతలు కలిశాయా? వేరే సెట్టు అట్టను కోసి అతికించడం రిపేరు దుకాణాల్లో మామూలే. నంబరు ఉన్నది అట్ట మీదే కాబట్టి అట్ట మారితే సెట్టుకు పేరే మారిపోతుంది. అట్ట మీది నంబరూ చాసిస్ మీద కొట్టిన నంబరూ రెండూ విడివిడిగా రాసుకోండి.

లేబుల్ మీది అడ్రసు నాకు ఇష్టమైన గుర్తు. ఆరంకెల పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. అడ్రసులో ‘బొంబాయి’ తర్వాత ఒకటి రెండు అంకెలే ఉంటే ఆ లేబుల్ అంతకుముందు అచ్చయిన నమూనా అనుకోవచ్చు. పాత లేబుళ్లు అయిపోయేదాకా వాడతారు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదిలేయండి. ఆరంకెలుంటే మాత్రం 1972కు ముందుది కానే కాదు. ఊరిపేర్లు కూడా అంతే. ముంబై అని ఉంటే 1995 తర్వాత, చెన్నై అయితే 1996 తర్వాత, కోల్‌కతా అయితే 2001 తర్వాత. అమ్మిన దుకాణం స్టిక్కరు మీద ‘హైదరాబాద్ దక్కన్’ అని, ఉర్దూలో ఇంకో వరుస ఉంటే పాత కాలపు వాసన తగిలినట్టే. కానీ ఆ అలవాటు 1956 తర్వాత కూడా చాలాకాలం పోలేదు, దాన్నొక్కదాన్నే నమ్మి సంవత్సరం వేయొద్దు.

బిల్లు దొరికితే పండగే. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, ‘నయా పైసలు’ అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. బిల్లు లేకపోయినా లైసెన్సు పుస్తకం అడగండి. 1980ల నడిమి దాకా రేడియోకు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టేవాళ్లు. ఆ చిన్న పుస్తకంలో స్టాంపులు, ముద్రలు ఉంటాయి, చాలావాటిలో సెట్టు పేరు, నంబరు కూడా రాసి ఉంటాయి. ఇండ్లల్లో అది భూమి పాస్‌బుక్కుల సంచిలో ఉంటుంది. రేడియో అటకెక్కినా ఆ పుస్తకాన్ని పారేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, సర్కారు కాగితం కదా.

డయల్ దగ్గర రెండు మూడు చూడాలి. ఫ్రీక్వెన్సీకి ‘హెర్ట్జ్’ అనే కొలతను అంతర్జాతీయ కొలతల వ్యవస్థలో (ఎస్‌ఐ) చేర్చింది 1960లో. అంతకుముందు మన దగ్గర ఎక్కువగా సైకిల్స్ లెక్కే, అందుకే పాత డయల్ మీద ‘కేసీ/ఎస్’ ఉంటుంది. కొత్త అక్షరాలు మన డయళ్ల మీదికి రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. కాబట్టి మన మార్కెట్టు సెట్టు మీద ‘కిలోహెర్ట్జ్’ ఉంటే చాలావరకు 1960 తర్వాతది అనుకోవచ్చు (జర్మనీ సెట్ల మీద అంతకుముందే ఉండేది), ‘కేసీ/ఎస్’ ఉంటే ముందు అని మాత్రం అనలేం. ఊర్ల పేర్లు ఢిల్లీ, మద్రాస్, సిలోన్ అని ఉంటే మన మార్కెట్టుకు చేసింది. హిల్వర్సమ్, లక్సెంబర్గ్ అని ఉంటే యూరప్ కోసం చేసింది ఎవరి పెట్టెలోనో వచ్చింది.

వాల్వు మీద జాతకం

సెట్టు విప్పాక మొదట వాల్వుల వరుస రాసుకోండి, ఎడమ నుంచి కుడికి, సాకెట్టు సాకెట్టుకు. యూరప్ పద్ధతి పేరు పెట్టిన వాల్వు అయితే మొదటి అక్షరం లోపలి ఫిలమెంటు సంగతి చెబుతుంది. ‘ఈ’ అంటే 6.3 వోల్టులు, ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు. ‘యూ’ అంటే 100 మిల్లీయాంపులు, ఫిలమెంట్లన్నీ ఒకే వరుసగా గుచ్చిన సెట్టు, అంటే ఇందాక చెప్పిన చాసిస్ కొట్టే రకం. యూసీహెచ్ 81, యూసీఎల్ 82, యూవై 85 లాంటివి కనబడితే చేతులు వెనక్కి తీసుకోండి. ‘డీ’ అంటే 1.4 వోల్టులు, బ్యాటరీ సెట్టు. కరెంటు రాని పల్లెల్లో పెద్ద 90 వోల్టుల డ్రై బ్యాటరీతో నడిచినవి ఇవే. డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96, డీఎల్ 96, నాలుగూ కలిసే ఉంటాయి.

అంకె ఇంకా ఎక్కువ చెబుతుంది. ఒకే పని చేసే వాల్వు మూడు తరాలుగా వచ్చింది. ఈసీహెచ్ 35 లావు బేస్ ఆక్టల్, ఈసీహెచ్ 42 ఎనిమిది పిన్నుల రిమ్‌లాక్, ఈసీహెచ్ 81 తొమ్మిది పిన్నుల చిన్న నోవల్. అంకె ముప్పైల్లో ఉంటే పాతది, నలభైల్లో ఉంటే 1940ల చివర, 1950ల మొదటి కాలంది, ఎనభైల్లో ఉంటే ఆ తర్వాతది. మోడల్ పేరు ఒకటే ఉండి ఒకదాంట్లో రిమ్‌లాక్, ఇంకోదాంట్లో నోవల్ ఉంటే అది ఫ్యాక్టరీ మార్పు అయ్యే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే సాకెట్టు కంత సైజే వేరు. చాసిస్ కంత నున్నగా, రివెట్లతో ఉంటే ఫ్యాక్టరీది. ఆకురాయితో గీకి పెద్దది చేసినట్టుంటే మెకానిక్‌ది.

అమెరికా పద్ధతి పేర్లలో మొదటి అంకే వోల్టేజీ. 6వీ6 అంటే ఆరు వోల్టుల చిల్లర. దీనికింతే.

ఫిలిప్స్, మల్లార్డ్ వాల్వుల అద్దం అడుగున, పిన్నుల దగ్గర, బూడిద రంగులో సన్నగా రెండు వరుసల గుర్తు ఉంటుంది. రెండో వరుసలో మొదటి అక్షరం ఫ్యాక్టరీ, తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, ఆ తర్వాతి అక్షరం నెల, చివరిది వారం. నెల అక్షరాలు ‘ఏ’ జనవరి నుంచి ‘ఎల్’ డిసెంబర్ దాకా. ‘బీ6కే2’ అని ఉంటే ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ, ఆరుతో ముగిసే సంవత్సరం, నవంబరు, రెండో వారం. 1956నా, 1966నా అనేది చుట్టుపక్కల భాగాలను చూసి మీరే తేల్చుకోవాలి. అద్దం పైన ముద్రించిన పేరు మాత్రం గుడ్డ తగిలితే పోతుంది, దాన్ని తుడవకండి. చెరిగిపోయినట్టు కనబడితే నోటితో ఆవిరి ఊదండి, అక్షరాలు ఒక్క క్షణం తేలి మాయమవుతాయి. ఆ క్షణంలో ఫొటో తీయాలంటే ఇంకో మనిషి కావాలి. మా ఇంట్లో ఆ పని మా చిన్నదానిది.

డబ్బా కండెన్సర్ల మీద నెల, సంవత్సరం అచ్చేసి ఉండటం కూడా మామూలే. స్పీకరు వెనక కూడా చూడండి.

ఇప్పుడు లెక్క. ఇన్ని తేదీలు దొరికాక సెట్టు ఎప్పటిది? అసలు భాగాలన్నిటిలో అన్నిటికంటే కొత్తదాని తేదీ పట్టుకోండి. సెట్టు దానికంటే ముందు పుట్టలేదు. కండెన్సర్ 1961 అంటే, వాల్వు 1958ది అయినా సెట్టు 1961 లేదా ఆ తర్వాతదే. ఫ్యాక్టరీ గోదాములో వాల్వులు మూడేళ్లు కూర్చోవడం వింతేం కాదు. అయితే ‘అసలు భాగాలు’ అన్న మాట మీద అంతా ఆధారపడి ఉంది. మెకానిక్ వేసిన 1974 కండెన్సర్‌ను అసలుది అనుకుంటే సెట్టు వయసు పదమూడేళ్లు తగ్గిపోతుంది.

టంకం చదవడం

ఇది చేతికి రావడానికి సమయం పడుతుంది, కానీ ఇదే అసలు విద్య. చాసిస్ తిరగేసి మంచి వెలుతురులో కూర్చోండి. ఫ్యాక్టరీలో ఆడపిల్లలు వరుసగా కూర్చుని తీగను ట్యాగ్ చుట్టూ మడిచి, కొంచెమే టంకం వేసేవాళ్లు. అన్ని అతుకులూ ఒకే చేతివాటంతో ఉంటాయి. రిపేరు అతుకు ఉబ్బుగా ఉంటుంది, చుట్టూ నల్లటి రాళం మరక ఉంటుంది, పాత తీగ ముక్క తోక అందులోనే మిగిలి ఉంటుంది. తీగ రంగు చూడండి. సెట్టంతా గుడ్డ తొడుగు తీగలుండి ఒక్కచోట ప్లాస్టిక్ తీగ ఉంటే కారణం వెతకాలి. స్టేషన్లు సరిగ్గా పట్టేలా సరిచేసే చిన్న మరల (ట్రిమ్మర్ల) మీద ఫ్యాక్టరీ మైనమో రంగు చుక్కో పగలకుండా ఉంటే ఆ భాగాన్ని ఎవరూ ముట్టలేదన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్ రివెట్లకు బదులు మరలతో ఉంటే తీసి చుట్టించారేమో చూడండి. చాసిస్ మీద తుప్పు లేని గుండ్రటి మచ్చ, పక్కన ఖాళీ క్లాంపు కనబడితే ఒక డబ్బా కండెన్సర్ అక్కడ ఉండి పోయింది.

నా వనపర్తి సెట్టు గుట్టు ఇలాగే బయటపడింది. రెండు డయోడ్ల తీగలు ఖాళీ సాకెట్టు పిన్నులకే మూడేసి చుట్లు చుట్టి ఉబ్బుగా అతికించి ఉన్నాయి. పక్కన ఒక లావు రెసిస్టర్ కూడా. వాల్వు అయితే వేడెక్కి నెమ్మదిగా వోల్టేజీ ఇస్తుంది, దాని లోపలే కొంత తగ్గుతుంది. డయోడ్ స్విచ్ వేయగానే మొత్తం తోసేస్తుంది, కండెన్సర్లు తట్టుకోలేవు. అందుకని తెలిసిన మెకానిక్ రెసిస్టర్ వేస్తాడు. అంటే పని చేసినవాడు తెలిసినవాడే. డయల్ అద్దం మాత్రం ఫ్యాక్టరీ క్లిప్పుల కింద కదలకుండా ఉంది, క్లిప్పుల కింద దుమ్ము గీత కూడా చెదరలేదు. డయోడ్లు మెకానిక్‌వి, ‘కిలోహెర్ట్జ్’ కంపెనీది. మిర్యాలగూడది ముందు తరం, వనపర్తిది తర్వాతి తరం.

డయోడ్లు తీసి వాల్వు పెట్టొచ్చు కదా అంటారు కొందరు. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే దొరకొచ్చు. నేను పెట్టలేదు. ఆ అతుకు కూడా ఆ సెట్టు చరిత్రే. మీరు మార్చాలనుకుంటే మార్చండి, కానీ ఫొటో తీసి, తీసిన భాగాలను కవరులో వేసి, తేదీ రాసి సెట్టులోపలే పెట్టండి.

ట్రాన్సిస్టర్లు, టూ ఇన్ వన్‌లు

ట్రాన్సిస్టర్ రేడియోలో బోర్డు మీది పేర్లు చాలు. ఏసీ 128, ఏఎఫ్ 117, ఓసీ 72 లాంటివి జర్మేనియం, ముందు కాలానివి. బీసీ 148, బీఎఫ్ 194 లాంటివి సిలికాన్, మన సెట్లలో 1970ల నుంచి బాగా కనిపిస్తాయి. 2ఎస్‌ఏ, 2ఎస్‌బీ, 2ఎస్‌సీ, 2ఎస్‌డీ అని మొదలైతే జపాన్ పద్ధతి పేర్లు. రెండు పద్ధతులూ ఒకే బోర్డు మీద కలిసి ఉంటే రిపేరు జరిగిందేమో అని అనుమానించండి.

బొంబాయి పనికి పోయినవాళ్లు, గల్ఫ్ పోయినవాళ్లు తెచ్చిన టూ ఇన్ వన్‌ల (రేడియో, టేపు కలిసినవి) దగ్గర ప్రశ్న మారుతుంది. అక్కడ అడగాల్సింది ఏ ఏడు అని కాదు, ఏ దేశం కోసం చేసింది అని. ఎఫ్‌ఎం స్కేలు చూస్తే సగం తేలిపోతుంది. 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకే ఉంటే జపాన్ లోపల అమ్మడానికి చేసింది. దాని వెనక 100 వోల్టులు అని కూడా ఉంటుంది, మన ప్లగ్గులో పెడితే పొగే. మన హైదరాబాద్ వివిధ భారతి 102.8 దాంట్లో రాదు. 88 నుంచి 108 ఉండి, లాంగ్ వేవ్ కూడా ఉంటే యూరప్ సెట్టు. షార్ట్ వేవ్ బ్యాండ్లు ఎక్కువగా ఉండి, వెనక 110 నుంచి 240 దాకా వోల్టేజీ మార్చే స్విచ్ ఉంటే గల్ఫ్ వంటి ఎగుమతి మార్కెట్లది. అదే సెట్టు ఒక దేశంలో ‘నేషనల్ పానసోనిక్’, అమెరికాలో వట్టి ‘పానసోనిక్’ అని అమ్ముడైంది, కాబట్టి పేరును ఉన్నదున్నట్టు రాయండి. ఐదు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్టు యూరప్ అలవాటు. టేపు స్విచ్‌లో ‘మెటల్’ అనే స్థానం ఉంటే 1979కు ముందుది కాదు, ఆ టేపు మార్కెట్లోకి వచ్చిందే అప్పుడు.

పెండ్లిళ్లకు, జాతరలకు కిరాయికిచ్చిన మైక్‌సెట్ల అహుజా యాంప్లిఫయర్ల సంగతి వేరే రాయాల్సినంత ఉంది. ఒక్కటి మాత్రం చెబుతా. వాటి ముందు ప్యానెల్ మీద యజమాని పేరు, ఊరు రంగుతో రాయించి ఉంటాయి. రంగు గీకి కింద మోడల్ నంబరు వెతకకండి. ఆ రాతను కూడా ఫొటో తీసుకోండి. నంబరు వెనక పలక మీద ఉంటుంది.

ఇత్తడి కొమ్ము మెరుస్తుంటే

గ్రామఫోను అనగానే అందరూ కొమ్ము ఉన్నదే కావాలంటారు. ఎర్రగడ్డ ఆదివారం అంగడిలోనో, చార్మినార్ దగ్గరో తళతళ మెరిసే ఇత్తడి కొమ్ము, కుక్క బొమ్మ పలక, కొత్త పాలిష్ పెట్టె కనిపిస్తే, అది దాదాపు ఖాయంగా ఈమధ్య కట్టింది. లోపలి మోటారు మాత్రం పాతదే, విరిగిన చేతిపెట్టె గ్రామఫోను నుంచి తీసింది. గుర్తుపట్టడానికి ఒక సులువు మార్గం మరలు. ప్లస్ గాడి మరకు అమెరికాలో పేటెంటు వచ్చింది 1936లో. 1915ది అని అమ్మేదాంట్లో ప్లస్ మర కనబడితే మాట్లాడకుండా వెనక్కి తిరగండి. ఆ మర కనిపెట్టిన ఫిలిప్స్ వేరు, రేడియో ఫిలిప్స్ వేరు, చాలామంది ఒకటే అనుకుంటారు.

మన పాత ఇండ్లల్లో నిజంగా దొరికేవి చేతిపెట్టె హెచ్‌ఎంవీలు. 101 మోడలు 1925 నుంచి 1931 దాకా, ఆ తర్వాత 102. మొట్టమొదటి 101లకు చావి ముందువైపు ఉంటుంది, తర్వాతవాటికి పక్కకు మారింది. సూది బిగించే గుండ్రటి సౌండ్‌బాక్స్ మీద నంబరు చదవండి. 101కు 4 నంబరు, 102 మొదటివాటికి 16, తర్వాతవాటికి 5ఏ, 5బీ. అయితే సౌండ్‌బాక్స్ చేత్తో లాగితే ఊడొచ్చే భాగం, ఎవరైనా మార్చి ఉండొచ్చు. చావి కంత మాత్రం చెక్కలో కోసింది, అబద్ధమాడదు.

రాసుకునే కాగితం

ఒక సెట్టుకు ఒక కాగితం. పైన మీరిచ్చిన నంబరు, దొరికిన తేదీ, దొరికిన ఊరు. కింద మూడు గడులు గీయండి: చూసింది, విన్నది, ఊహించింది. ప్రతి వివరాన్ని ఈ మూడింటిలో ఒకదాంట్లోనే రాయాలి. నా మొదటి నోటుపుస్తకంలో ఈ గడులు లేవు, అన్నీ కలిపి రాసుకున్నా. ఇప్పుడు అందులో ‘1963’ అని ఉన్నది నేను కండెన్సర్ మీద చదివానో, ఎవరో చెబితే రాశానో నాకే తెలియదు. ఆ పుస్తకం మొత్తం పనికిరాకుండా పోయింది.

‘విన్నది’ గడిని తక్కువగా చూడొద్దు. దేవరకొండ దిక్కు ఒక పల్లెలో ట్రాన్సిస్టర్ తీసుకుంటూ అవ్వను అడిగా, ఎప్పుడు కొన్నారని. “సాగర్ పనికి పోయిన్నాడు తెచ్చిండు బిడ్డా మీ తాత” అంది. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరులో, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. సరే, ఆ మధ్యదే అని రాసుకున్నా. ఇంటికొచ్చి విప్పితే లోపలన్నీ సిలికాన్, బీసీ 148లు, బీఎఫ్ 194లు. అవ్వ మరిచిపోయిందనుకున్నా. మళ్లీ పోయినప్పుడు అడిగితే, “డ్యామ్ కాదు, కాల్వ తవ్వకం” అంది. కాలువల పనులు 1967 తర్వాత కూడా ఏండ్లకేండ్లు నడిచాయి. ఆమె మాట సరైందే, నేనే సగం విన్నా. అందుకే ‘విన్నది’ గడిలో మీ మాటల్లో కాకుండా వాళ్ల మాటల్లోనే రాయండి. ఇంటివాళ్ల పేర్లు, ఫోన్లు మీ పుస్తకం దాటనివ్వొద్దు. బయట చూపించే కాగితంలో ఊరు చాలు.

ఒకే మోడల్‌వి రెండు మూడు చూశాక సీరియల్ నంబర్లు వరుసగా పెట్టి పక్కన తేడాలు రాయండి. ఫలానా నంబరు దాకా ఈజెడ్ 80, ఆ పైన ఇంకోటి అని గీత కనబడటం మొదలవుతుంది. మీ సెట్టు మాత్రమే కాదు, స్నేహితుల ఇంట్లోది, దుకాణంలో కొనకుండా వదిలేసింది కూడా రాసుకోండి. కొనకపోయినా నంబరు రాసుకోవడానికి ఎవరూ పైసలడగరు. సీరియల్ నంబరు చూసి ఇన్ని సెట్లు తయారయ్యాయని మాత్రం లెక్కేయకండి, ఫ్యాక్టరీలు ఒకటితోనే మొదలుపెట్టాలని ఏమీ లేదు.

చివరగా పెట్టె లోపలి చెక్క చూడటం మరవొద్దు. రిపేరు దుకాణాల్లో పెన్సిల్‌తో తేదీ, పొడి అక్షరాలు రాసిపెట్టేవాళ్లు. నా వనపర్తి సెట్టులో స్పీకరు పక్కన ‘7/81’ అని ఉంది. ఆ డయోడ్ల ఫొటో మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర ఒకప్పుడు దుకాణం నడిపిన పెద్దాయనకు చూపించా. ఫోను దగ్గరికి, దూరంగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. “మూడు సుట్లు సుట్టి టాకా ఏసెటోడు గీ జిల్లాల నేనొక్కణ్ణే. ఈజెడ్ ఎనభై అప్పుడు దొర్కకపాయె” అన్నాడు. ఏ సంవత్సరం సాబ్ అంటే, డెబ్భై తొమ్మిది, అనుమానమే లేదన్నాడు. పెన్సిల్ సంగతి చెప్పా. “గా రాత నాది గాదు” అని ఫోను చేతిలో పెట్టి చాయ్ చెప్పడానికి లేచాడు. కాగితంలో 1981 ‘చూసింది’ గడిలో ఉంది, 1979 ‘విన్నది’ గడిలో ఉంది, మూడో గడి ఇంకా ఖాళీ.